వంకల మేస్త్రి అనని మాట

"బావా, ఈసారి ఒక్క వంక చూపించు. ఒక్కటంటే ఒక్కటి," అన్నాడు బావమరిది, ఇనప గది తలుపును నూనె గుడ్డతో ఆఖరిసారి తుడుస్తూ.

"ఒక్కటే ఏం ఖర్మరా? బండెడు చూపిస్తా," అన్నాడు వంకల మేస్త్రి.

ఆ పేరు ఊరికే రాలేదు. పెళ్లినాడే పెళ్లికూతురి కుడి కనుబొమ్మ ఎడమదానికంటే నూలుపోగంత ఎత్తుందని పైకి అనేసిన మనిషి. పున్నమి చంద్రుణ్ణి చూసి, "అంచుకి ఇంకాస్త ఆకురాయి పట్టాలి" అన్నాడని కార్ఖానాలో చెప్పుకుంటారు. బాగుంది, భేష్, నిక్షేపం, కడిగిన ముత్యం లాంటి మాటలు ఆ నాలుక మీదికి ఎన్నడూ రాలేదు. మహా మెచ్చుకుంటే "పర్లేదు" అనేవాడు. అదీ దగ్గులో కలిపేసి.

వాళ్లు చేసేవి నగల కొట్లవాళ్లు సరుకు దాచుకునే ఇనప గదులు. అక్కడో పద్ధతి ఉంది. గది ఒకడు చేస్తే పరీక్ష రెండోవాడు చెయ్యాలి. తలుపు వేశాక ఒక పక్క దీపం పెడితే రెండో పక్కకి వెలుగు కారకూడదు. ఒక పక్క సుత్తి పడితే రెండో పక్క చెవికి ఆనకూడదు.

పరీక్ష ఎప్పుడూ మేస్త్రిదే. పొద్దున మొదలుపెడితే పొద్దు వాలినా తెమిలేది కాదు. మధ్యలో కదిలిస్తే అగ్గయిపోయేవాడు. కిందటిసారి ఆలస్యమవుతోందని బావమరిది తలుపు మీద చెయ్యి వేసినందుకు, నలుగురి ముందూ దులిపేశాడు. "నేను సరే అనకుండా తలుపు ముట్టుకున్నావంటే వేళ్లు విరగ్గొడతా."

ఈ గది పూర్తిగా బావమరిది చేతి పని. మేస్త్రి మెచ్చితే ఇవాళ్టి నుంచి వాడూ మేస్త్రే. మెచ్చకపోతే జన్మంతా ఆ నూనె గుడ్డే.

పొద్దున బయల్దేరుతుంటే పెళ్లాం గుమ్మంలో నిలబడి చెప్పింది కూడా. "ఈ ఒక్కపూటైనా మావాడి పని బాగుందనండి. నోరేం అరిగిపోదు."

"అరిగితే మీ తమ్ముడు అతుకేస్తాడా? వాడి అతుకు నిలుస్తుందా?" అన్నాడు మేస్త్రి.

బావమరిది గుడ్డ పక్కన పడేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఇవాళ నేనూ మొండివాణ్ణే బావా. 'వంక లేదు' అన్న మాట నా చెవిన పడాలి. పడేదాకా ఈ తాళంచెవి జేబు దాటి రాదు."

"అయితే అక్కడే తుప్పు పడుతుంది," అని నవ్వి, మేస్త్రి టార్చీ కత్తీ అందుకున్నాడు.

తలుపు పడింది. కోడిపెట్ట రెక్క ముడుచుకున్నంత మెత్తగా పడింది. కిర్రుమని కూడా అనలేదు. మేస్త్రికి అక్కడే మొదటి చిరాకు.

అంచుల వెంట కన్ను పెట్టి చూశాడు. సూది మొనంత వెలుగు లేదు. బందుల సందులో కత్తి మొన గుచ్చబోయాడు. దూరలేదు. వేలు తడుపుకుని గడప వారగా పట్టుకున్నాడు. గాలి తగల్లేదు. ఇనుముకు చెవి ఆనించాడు. అవతల సుత్తి పడుతోందో లేదో, ఈగ మూలిగినంత చప్పుడైనా లేదు.

"ఒరే, ఉన్నావా?"

జవాబు లేదు.

'అలిగాడు వెధవ' అనుకున్నాడు.

మళ్లీ మొదటినుంచి వెతికాడు. చొక్కా గుండీలు విప్పుకున్నాడు. చెమట కళ్లలోకి కారుతోంది. టార్చి వెలుగు పండుటాకు రంగులోకి తిరిగింది. ఇన్నేళ్లూ వంక దొరకడం అతనికి సరదా. ఇవాళ దొరక్కపోతే ప్రాణం పోయేట్టుంది. ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి తేడా ఉండకపోతుందా అని ఇనుమంతా అరచేతులతో తడిమాడు.

"పర్లేదురా," అన్నాడు. ఈసారి దగ్గు కలపలేదు.

తలుపు అంచుకి నోరు ఆనించాడు.

"బాగుందిరా. విన్నావా? బాగుంది."

తలుపు నున్నగా, చల్లగా, నిండుగా నిలబడి ఉంది.

అప్పుడు మేస్త్రి నోరు తెరుచుకుంది. జీవితమంతా దాచుకున్న మాటలన్నీ ఒక్కసారి తోసుకొచ్చాయి. "కడిగిన ముత్యంరా. నిక్షేపంగా ఉంది. నీలాంటి పనివాణ్ణి నేనెక్కడా చూళ్లేదు. మీ అక్క మీద ఒట్టు. ఇవాళ్టి నుంచి నువ్వే మేస్త్రివి. వంక లేదురా నాయనా, వంకన్నదే లేదు."

గొంతు చించుకుని అరిచాడు. అందులో ఒక్క అబద్ధం లేదు.

మూసిన ఆ తలుపుకి బయట, కుర్చీ వేసుకుని, జేబులో తాళంచెవిని తడుముకుంటూ, గది లోపలున్న బావ నోటినుంచి ఆ ఒక్క మాట వినబడకపోతుందా అని బావమరిది పొద్దు వాలేదాకా చెవి రిక్కించుకుని కూర్చునే ఉన్నాడు.