ట్యాంకీ కడిగిండ్రా?

"అమ్మా, ట్యాంకీ ఖాళీ జేసి కడిగిండ్రా?" పోర్టికోలోంచి అజహర్ భాయ్ కేకేశాడు.

"నిన్ననే కడిగించాం. చుక్క కూడా లేదు!" వంటింట్లోంచే చెప్పాను.

మా మామగారి పాత ఫియట్‌కి వెనక రేకు తుప్పుపట్టి చిల్లులు పడింది. సెలవు రోజుల్లో మా ఆయన ఇంటి దగ్గరే దాన్ని బాగుచేసుకుంటున్నారు. ఇవాళ ఆయన పంజాగుట్ట ఆఫీసులో ఉన్నారు. కొత్త రేకు అతకడానికి సనత్‌నగర్ నుంచి అజహర్ భాయ్ వెల్డింగ్ గ్యాస్ సిలిండర్‌తో వచ్చాడు.

మంటంటే నాకు మొదట్నుంచీ భయం. పైగా గోడ పక్కనే హాస్టలు, దాన్నిండా జావా నేర్చుకునే పిల్లలు.

"ఫికర్ జెయ్యకుండ్రి. జర దూరం ఉండుండ్రి," అన్నాడు.

ఎందుకైనా మంచిదని బకెట్టు పెట్టి కుళాయి తిప్పాను. బుస్సుమని గాలి వచ్చింది, నీళ్లు రాలేదు.

ఎలా వస్తాయి? నిన్న కడిగించింది మేడమీది నీళ్ల ట్యాంకీ.

"ఆపు భాయ్! కారుది కాదు, కారుది కడగలేదు!" అరుస్తూ పరిగెత్తాను.

అతను మెల్లగా కారు ట్యాంకీ మూత తిప్పాడు. పెట్రోలు వాసన గుప్పుమంది.

రెండో చేతిలో ఇంకా వెలిగించని లైటరు. దాన్ని కింద పెట్టడానికి కూడా అతనికి ధైర్యం చాల్లేదు.