టెస్టర్ మావయ్య తీర్పు

“వెలిగింది! చూశావుటే, ఎలా వెలిగిందో!”

టెస్టర్ మావయ్య ఎడమచేత్తో కుట్టుమిషను మెడ పట్టుకుని, కుడిచేత్తో టెస్టరు దాని ఒంటికి ఆనించి ఇల్లెగిరిపోయేలా అరిచాడు. టెస్టరు పిడిలో ఎర్రదీపం నిప్పుకణంలా వెలుగుతోంది.

“నాకేం షాకు కొట్టలేదే! పొద్దుటి నుంచి రెండు చొక్కాలు కుట్టాను దాని మీద,” అంది ఆయన భార్య.

“సూదిపోట్లు తిని తిని నీ చేతులు మొద్దుబారిపోయాయి. ఏనుగు తొక్కినా నీకు తెలీదు. నా కాళ్లకి రబ్బరు చెప్పులున్నాయి కాబట్టి బతికిపోయాను. తియ్యి, ముందు ప్లగ్గు పీకెయ్!”

పీకేసింది. మొగుడితో అయితే వాదించవచ్చు గానీ, కరెంటుతో ఎవరు వాదిస్తారు?

ముప్ఫై ఏళ్లుగా కాలితో తొక్కే మిషను మీద వీధి వీధంతటికీ బట్టలు కుట్టిన మనిషి ఆవిడ. అసలు పేరు ఎప్పుడో మరుగున పడి, పిల్లా పెద్దా అందరికీ మిషనత్త అయిపోయింది. ఇప్పుడేమో కుడి మోకాలు మొరాయించింది. సరిగ్గా ఈ సమయానికే బడివాళ్లు నలభై జతల యూనిఫారాలు అప్పజెప్పారు. సోమవారం బడి తెరుస్తారు. ఆ లోగా ఇవ్వలేకపోతే వచ్చే ఏడు నుంచి ఆ పని ఇక ఆవిడ గడప తొక్కదు. అందుకే మోటారు మిషను కోసం వీధి చివర పాతసామాన్ల కొట్టుకి వెళ్లింది.

వెళ్లి, గుడ్డిగా కొనే రకమా ఆవిడ? మొదట చూపించిన మిషను తీగకి నాలుగు చోట్ల టేపు చుట్టి ఉంటే, “దీనికిన్ని కట్లేమిటయ్యా, యుద్ధం నుంచి వచ్చిందా?” అని పక్కన పెట్టించింది. రెండోదాని ప్లగ్గుకి పైన ఉండే లావుపాటి పుల్ల విరిగిపోయింది.

“రెండు పుల్లలతోనూ తిరుగుతుంది అత్తా,” అన్నాడు కొట్టతను.

“తిరుగుతుంది నాయనా. కానీ ఆ పుల్ల లేకపోతే, భూమిలోకి పోవాల్సిన షాకు నాలోకొస్తుంది. భూదేవికున్నంత ఓర్పు నాకు లేదు!”

మూడోదాన్ని పావుగంట తిప్పించింది. మోటారు పక్కన ముక్కుపెట్టి, మాడువాసన లేదని తేల్చుకుంది. కొట్టతను మీటరు పెట్టి షాకు లేదని చూపించాక గానీ ఇంటికి తేలేదు. ఇంతా చేస్తే ఇంట్లో మావయ్య టెస్టరు వెలిగింది!

మర్నాడు మిషను వెనక్కి పట్టుకెళితే కొట్టతను మళ్లీ మీటరు పెట్టాడు. “నిద్రపోతున్న పిల్లిలా ఉందత్తా, ఏ లోపమూ లేదు,” అన్నాడు. అయినా మాట పెరగడం ఎందుకని వేరే మిషను ఇచ్చాడు. దాన్నీ అన్నిరకాలా చూసుకుని తెచ్చింది. మావయ్య టెస్టరు అదీ వెలిగించింది. అది కూడా వెనక్కెళ్లింది.

వీధిలో మాట పాకిపోయింది. కొట్టులోకి వచ్చినవాళ్లు వస్తువుల్ని దూరం నుంచి చూసి, చేతులు జేబుల్లో పెట్టుకుని వెళ్లిపోతున్నారు.

శుక్రవారం కొట్టతనే ఓ మిషను భుజాన వేసుకుని చెమటలు కక్కుతూ వచ్చాడు.

“అత్తా, ఇది మా ఆవిడ సొంత మిషను. ఎనిమిదేళ్లుగా రోజూ కుడుతోంది. దీనికీ షాకుంటే ఆవిడ ఇన్నాళ్లు బతికుండేది కాదు.”

“నీ అదృష్టం అలా ఉంది మరి,” అన్నాడు మావయ్య, చెప్పులు తొడుక్కుంటూ.

“మావయ్యా, అసలా టెస్టరు ఎక్కడిది?”

“రోడ్డు పక్క గోనెపట్టా మీద పాత పనిముట్లు అమ్ముతుంటే ఏరి తెచ్చాను. ఏం సరుకయ్యా! లోపల బ్యాటరీ కూడా ఉంది. తెచ్చిన రోజు నుంచి వెలగకపోవడమన్నది ఎరగదు. దీని పుణ్యమా అని మిక్సీ, ఇస్త్రీపెట్టె, టేబులుఫ్యాను మూడింటినీ ఇంట్లోంచి గెంటేశాను.”

“గెంటేశారు. అప్పట్నుంచి రోట్లో రుబ్బుతున్నాను,” అంది మిషనత్త.

“ప్రాణం కన్నా పచ్చడి ఎక్కువటే?”

గోల విని పక్కింటి పిన్ని గుమ్మంలోకి వచ్చి, వేడుక చూడ్డానికి వీలుగా తలుపుకి ఆనుకుని నిలబడింది. కొట్టతను మిషను బల్ల మీద పెట్టాడు. మిషనత్త తీగ చుట్ట విప్పుకుంటూ, కుంటుకుంటూ బల్ల వెనక్కి, స్విచ్చిబోర్డు వైపు నడిచింది.

“ఎవరూ ముట్టుకోకండి!” అంటూ మావయ్య చొక్కాజేబులోంచి టెస్టరు దూశాడు. ఎడమచేత్తో మిషను మెడ ఒడిసిపట్టి, కుడిచేత్తో టెస్టరు ఆనించాడు.

ఎర్రగా వెలిగింది.

“అదిగో! మీ ఆవిడ మిషనుకీ షాకే! ఏమంటావోయ్ ఇప్పుడు?”

కొట్టతను గోడకి చేరగిలబడి నేలమీద కూలబడ్డాడు. “కొట్టు మూసేస్తా మావయ్యా. ఇంక నా మొహం ఎవరికీ చూపించలేను.”

“మీ ఆవిడ గట్టి పిండమే, ఇన్నాళ్లు తట్టుకుందంటే,” అంది పక్కింటి పిన్ని జాలిగా. “ఓసారి డాక్టరుకి చూపించు బాబూ.”

“మనుషులు అబద్ధం చెబుతారు, టెస్టరు చెప్పదు,” మావయ్య ఛాతీ విరిచాడు. “ఏమేవ్, ఆ నలభై జతలూ బడివాళ్లకి వెనక్కిచ్చెయ్. విన్నావా?”

స్విచ్చిబోర్డు పక్కన నిలబడ్డ మిషనత్త చెయ్యి పైకెత్తింది. ముందు కొట్టతను, తర్వాత పిన్ని, చిట్టచివరికి మావయ్య ఆవిడ వైపు తిరిగారు.

ప్లగ్గు ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.