అమ్మలాంటి ముక్కు

కాలేజీ ప్రవేశ పరీక్ష రాసిన కూతుళ్లకి ముక్కు అందంగా ఉండేలా ఆపరేషన్ చేయించడం సియోల్‌లో తల్లులిచ్చే కానుక. హాల్ టికెట్ చూపిస్తే క్లినిక్‌లో తగ్గింపు కూడా ఉంటుంది.

"ఎలాంటి ముక్కు కావాలమ్మా?" డాక్టర్ ముక్కు ఎత్తుగా కనిపించడానికి లోపల అమర్చే సిలికాన్ ముక్కల ట్రే ముందుకు జరిపాడు.

"అచ్చం మా అమ్మలాంటిది," అంది సెరిన్. "ఆవిడకి పుట్టుకతోనే వచ్చింది. నాకేమో నాన్న చప్పిడి ముక్కు!"

"చాల్లేవే," అని నవ్వింది తల్లి హ్యేరాన్. జలుబని వారం నుంచి తుడుచుకుంటున్న ముక్కు కొస ఎర్రగా మెరుస్తోంది.

డాక్టర్ నవ్వలేదు. లైటు ఆమె ముఖం మీదికి తిప్పాడు. పల్చటి చర్మం కింద తెల్లగా ఏదో కనిపించింది.

"ఈ సిలికాన్ పెట్టించుకుని ఎన్నేళ్లయిందండీ?"

హ్యేరాన్ తలదించుకుంది. "ఇరవై రెండు. పెళ్లికి ముందు. ఇంట్లో ఎవరికీ తెలీదు."

"చర్మం చీల్చుకుని బయటికొచ్చేలా ఉంది. ఇవాళే తీసేయాలి."

సెరిన్ చేతిలోని సిలికాన్ ముక్కని ట్రేలో పడేసింది. "తీసేస్తే అమ్మ ముక్కు ఎలా ఉంటుంది డాక్టర్ గారూ?"



హ్యేరాన్ వేలితో కూతురి ముక్కు తాకింది.

"ఒకప్పుడు ఇలాగే ఉండేదే తల్లీ."