ప్రాణమున్న మరక

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురు. నాయనమ్మ, పిన్ని, ఎనిమిదేళ్ళ పిల్ల. పిల్ల లెక్కలో మాత్రం నలుగురు. నాలుగో మనిషి అమ్మ. ఆమె పడమటి గోడకి బయటి వైపు, పిల్ల గది కిటికీ పక్కన ఉంది.

అది రెండు వానాకాలాల కిందట మొదలైన మరక. మొదట అరచేయంత ఉండేది. వాన పడ్డప్పుడల్లా పెరిగింది. ఇప్పుడు దానికి తల ఉంది, వంగిన భుజం ఉంది, విరబోసుకున్న జుట్టు ఉంది. ఒక చెయ్యి కిటికీ అంచు దాకా వచ్చి ఆగింది.

ఇంకో వాన పడితే అమ్మ లోపలికి వచ్చేస్తుందని పిల్ల ఒకసారి భోజనాల దగ్గర మామూలుగా చెప్పింది. ఆ తర్వాత ఎవరికీ ముద్ద దిగలేదు.

పిల్ల నిద్రపోవడం మానేసింది. కిటికీ దగ్గర కూర్చుని గోడతో గుసగుసలాడుతుంది. భయమా అంటే భయమే. అయినా అక్కడి నుంచి కదలదు. చూసి చూసి తండ్రి తేల్చేశాడు. ఆదివారంలోగా మరకైనా పోవాలి, సోమవారం పిల్లయినా హాస్టల్‌కి పోవాలి. ఆ రోజు శనివారం.

ఆ ఇంట్లో అమ్మ ఫోటో ఒక్కటీ లేదు. ఆమె ఎలా పోయిందో ఎవరూ చెప్పరు. అడిగితే నాయనమ్మ లేచి వెళ్ళిపోతుంది. పిన్నికి అసలు తెలియదు. ఆమె ఆ ఇంటికి చిన్నకోడలిగా వచ్చి ఏడాదే అయింది.

గోడల మరకలు పోగొడుతుందని పిన్ని పిలిపించిన మరకలావిడ తొమ్మిదింటికి వచ్చింది. చేతులకి రబ్బరు తొడుగులు, కళ్ళకి పెద్ద అద్దాలు, తలకి గుడ్డ, ముక్కూ నోరూ కప్పేసిన మాస్కు. మాట సగం మాస్కులోనే నలిగిపోతోంది. నిచ్చెన ఆనించి, ఎక్కకుండా, గోడ వంక చాలాసేపు చూసింది.

పిన్ని తన గోడు వెళ్ళబోసుకుంది. సబ్బుపొడి అయింది, వెనిగర్ అయింది, ఇనుప బ్రష్షూ అయింది. తుప్పేమోనని ప్లంబరు యాసిడ్ పోస్తే గోడ పూత ఊడింది గాని మరక ఊడలేదు.

"దీనికి నేను పెట్టని మందు లేదండీ. మా ఆయన షేవింగ్ క్రీమొకటే మిగిలింది."

మరకలావిడ నవ్వలేదు. ముందు జబ్బేమిటో తెలియాలి, మందు తర్వాత, అంది. పెట్టెలోంచి మూడు సీసాలు తీసింది. తుప్పుకి ఒకటి, నూనె జిడ్డుకి ఒకటి, మూడోది బ్లీచు. మరక అంచున మూడు చోట్ల దూదితో ఒక్కో చుక్క అద్ది ఎదురుచూసింది. మొదటి రెంటికీ మరక చలించలేదు. మూడో చుక్క పడ్డ చోట నలుపు మెల్లగా పాలిపోయింది.

"తుప్పు కాదు, పాచి," అంది. "ప్రాణమున్న మరక. పైన వాన నీళ్ళ పైపు కారుతోంది. ఆ నీళ్ళు తాగి పెరుగుతోంది."

కిటికీలోంచి చిన్న గొంతు వినిపించింది.

"అయితే మా అమ్మ బతికుందా?"

మరకలావిడ చేతిలోని దూది కింద పడింది. పిన్ని పిల్లని కసిరి, బ్లీచుతోనే కొట్టెయ్యమంది, గంటలో తెమిలిపోతుంది కదా అని. మరకలావిడ ఒప్పుకోలేదు. ఆయాసమున్న పిల్ల పడుకునే చోట ఆ ఘాటు పనికిరాదంది. ఆ సంగతి అత్తగారు చెప్పి ఉంటారులే అనుకుంది పిన్ని.

ఇంకో సీసా బయటికి వచ్చింది. పెరాక్సైడ్. దెబ్బ తగిలితే కడుగుతారే, అలాంటిదేనని చెప్పి, నీళ్ళు కలిపి పలచన చేసింది.

"అమ్మకి మండదా?" అంది పిల్ల.

"మండదమ్మా. నురగ వస్తుంది, అంతే."

కిటికీ తలుపులు మూయించి పని మొదలుపెట్టింది. చారలు పడకుండా కింది నుంచి పైకి. నురగ పొంగేది, మెత్తటి బ్రష్షుతో తీసేది, మళ్ళీ రాసేది. భుజం పోయింది. జుట్టు పోయింది. తల పోయింది. చెయ్యి మిగిలింది. పిల్ల లోపలి నుంచి అద్దానికి తన అరచెయ్యి ఆనించింది. బ్రష్షు ఆగిపోయింది. ఎంతసేపటికీ కదలకపోతే, మందు అయిపోయిందా అని పిన్ని కేకేసి అడగాల్సి వచ్చింది.

సాయంత్రానికి గోడ మీద ఎవరూ లేరు.

పిల్ల ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. గోడని చూసి, పెద్దగా ఆవులించింది. చాలా రోజుల తర్వాత ఆవులించింది.

ఆ పనిలో చివరి పరీక్ష ముక్కుది. కంటికి శుభ్రంగా కనిపించే గోడ కూడా మందు దాచుకుంటుంది. మాస్కు తీసి దగ్గరగా వాసన చూస్తే తప్ప తెలియదు. పిన్ని మాత్రం అవన్నీ ఎందుకండీ, అద్దంలా ఉంది, వెళ్ళిరండి అంది. మరకలావిడ నిచ్చెన మడిచింది. గేటు దాకా నడిచింది.

లోపల పిల్ల దగ్గింది.

మరకలావిడ వెనక్కి వచ్చింది. అద్దాలు తీసింది, మాస్కు తీసింది. బ్లీచు చుక్క అద్దిన చోట, కిటికీ అంచున, తడి గోడకి ముఖం ఆనించి గట్టిగా ఊపిరి పీల్చింది. ఏ వాసనా లేదు. అయినా ముఖం వెంటనే తియ్యలేదు.

పక్క తలుపు తెరుచుకుంది. మరక పోయిందో లేదో చూద్దామని నాయనమ్మ గడప దగ్గరికి వచ్చింది. గోడ వంక చూడనే లేదు. వెనకే వస్తున్న పిల్లని చేత్తో లోపలికి నెట్టి, దానికి వినపడకుండా గొంతు బాగా తగ్గించింది.

"నువ్వు చచ్చిపోయావని పిల్లకి చెప్పి మూడేళ్ళయిందే, అలాగే ఉండిపో," అని పెద్దకోడలి ముఖం మీదే తలుపు వేసింది.