వెనక్కి వెళ్ళిన వార్డు

వార్డు రికార్డులుండే ఆసుపత్రి వర్చువల్ మెషిన్‌కు రోజూ బ్యాకప్ ఆగిపోతోంది. వారం కిందట, మెషిన్ అప్పుడెలా ఉందో అలాగే దాచి ఉంచేందుకు తీసిన స్నాప్‌షాట్ ఒకటి అలాగే ఉండిపోయి డిస్కంతా నింపేసింది. దాన్ని చెరిపేయడానికి ఇంజినీరు పొద్దున్నే వచ్చాడు. చెరిపే బదులు మెషిన్‌ను ఆ స్నాప్‌షాట్‌కే వెనక్కి పంపేశాడు. వార్డు రికార్డుల్లో వారం మొత్తం మాయమైంది.

"చెయ్యి జారింది సిస్టర్."

"నీ చెయ్యి జారితే నా పేషెంట్లకి మందులు తారుమారవుతాయి నాయనా," అంది పెద్ద నర్సు. "కూర్చో. కాగితాలు చూసి నేను చదువుతా, నువ్వు కొట్టు."

ఇళ్ళకు వెళ్ళిపోయినవాళ్ళంతా తెర మీద మళ్ళీ బెడ్ల మీదే ఉన్నారు. ఒక్కొక్కరినీ మళ్ళీ ఇంటికి పంపుతూ వచ్చారు. కవలలు మళ్ళీ పుట్టారు.

"ఈసారి వాళ్ళమ్మకి నొప్పుల్లేవు," అంది నర్సు. అతను నవ్వలేదు.

నాలుగో బెడ్ దగ్గర ఆమె ఆగింది. తెర మీద ఇంజినీరు అక్క పేరు, కింద డాక్టరు రాసిన మాట: జ్వరం తగ్గింది, రేపు ఇంటికి పంపవచ్చు. పక్కనే ఎర్రగా వెలుగుతోంది: మందు వేళ దాటింది.

ఆ మర్నాడు తెల్లవారకముందే అక్క కన్నుమూసిందని నర్సు చేతిలోని కాగితం చెబుతోంది.

"ఇది నేను కొడతాలే. నువ్వు లే."

అతను లేవలేదు.

"వెనక్కి వెళ్ళే ముందు మెషిన్ రెండుసార్లు అడుగుతుంది సిస్టర్, నిజంగా వెళ్ళాలా అని. రెండుసార్లూ ఔననే నొక్కాను."

నర్సు ఆ కాగితాన్ని అన్నిటికన్నా అడుగున పెట్టింది.

"ఐదో బెడ్," అని మెల్లగా చదివింది.