మెచ్చుకోలు జబ్బు

"మా ఆయన తిట్టరండీ! వెక్కిరించరండీ! మూడు నెలలైంది" అంటూ కన్యకమ్మ కళ్ళొత్తుకుంది.

రాజమండ్రిలో ఆ డాక్టరు గది బయట బెంచీ మీద భర్తతో మూడు గంటలు కాచుక్కూర్చుంటే ఇప్పటికి పిలుపొచ్చింది.

డాక్టర్ నాగేశ్వరప్రసాద్ పెన్ను ఆపాడు. "వెక్కిరించకపోతే అది జబ్బెలా అవుతుందమ్మా?"

"మా తుని వచ్చి అడగండి. ఈయన వెటకారానికి జడిసి మా బట్టల కొట్లో బేరమాడేవాళ్ళు కాదు. ముప్ఫయ్యేళ్ళ కాపరంలో నా వంట బాగుందన్న మనిషి కాదు. అలాంటిది, ఈ వణుకుడు జబ్బొచ్చాక నా బెండకాయ పులుసు తిని 'అమృతంలా ఉందే' అన్నారు!"

"మంచిదేగా?"

"మంచిదనే రోజూ అదే వండుతున్నా. రోజూ అదే మాట! మా తమ్ముడు జగన్నాథం గడప తొక్కితే చాలు, ఎత్తిపొడిచేవారు. మొన్న వాడు వెళ్ళొస్తానంటే 'అప్పుడేనా బావమరిదీ? ఇంకో నెలుండు' అన్నారు. వాడు ఉండిపోయాడు. పోయేముందే మనిషి ఇలా మంచోడైపోతాడని మా పక్కింటి వీరవేణి అంటోంది. నాకు భయంగా ఉందండీ."

పక్క కుర్చీలో కుక్కుటేశ్వరరావు కొయ్యబొమ్మలా కూర్చున్నాడు. కుడిచెయ్యి మాత్రం వణుకుతోంది.

"ఒకసారి నవ్వండి" అన్నాడు డాక్టరు.

నవ్వాడట. ముఖంలో ఒక్క గీత కదల్లేదు.

"మనసులో దిగులేమన్నా ఉందా?"

"లేదండి." రేడియోలో ధరవరలు చదివినట్టు, ఎత్తుపల్లాల్లేని గొంతు. "మీ అంత చురుకైన డాక్టరు జిల్లాలోనే లేరండి."

డాక్టరు మురిసిపోయి కాలరు సర్దుకున్నాడు.

"చూశారా, మిమ్మల్ని కూడా!" అని కన్యకమ్మ బావురుమంది.

"ఇది డిప్రెషనమ్మా. పేషెంటు ఒప్పుకోడు. దగ్గరుండి చూసేవాళ్ళ మాటే మాకు ప్రమాణం. మనసుకి మందు రాస్తాను. లొంగకపోతే విశాఖపట్నం తీసుకెళ్ళి మానసిక ఆసుపత్రిలో చేర్చాలి."

కన్యకమ్మ గబుక్కున భర్త చెయ్యి పట్టుకుంది. "మీకేం కాదు. ఇంటికెళ్ళగానే మీకిష్టమైన పులుసే చేస్తా. తమ్ముణ్ణి కూడా మనింట్లోనే ఉండిపొమ్మంటా."

కుక్కుటేశ్వరరావు చేతి వణుకు రెట్టింపైంది. బిగుసుకుపోయిన పెదవులు అతికష్టం మీద విడివడ్డాయి.

"ఆ మెచ్చుకోళ్ళన్నీ వెటకారమేనే!"