మింగుడుపడని మాట

ఇంట్లో నెట్ మళ్లీ ఆగిపోయింది. ఎదురు వరుస మేడల్లో మాత్రం పరుగులు పెడుతోంది. కంపెనీ ఒకటే, ప్లానూ ఒకటే. కోడలు ఒళ్లు మండి కంపెనీకి ఫోన్ చేసింది.

“మీ ఇంటికే మెరుపు వేగం! దయచేసి లైన్లో ఉండండి,” అంది రికార్డు చేసిన తియ్యటి గొంతు.

“నోర్ముయ్యవే!” అని అరిచింది కోడలు. అత్తగారు నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు డబ్బింగ్ స్టూడియోలో కోడలు అదే కంపెనీ కొత్త ప్రకటన చదవాలి. ‘మూడొందల ఎంబీ వరకు వేగం’లో ‘వరకు’ని గోడలు అదిరేలా పలికింది.

“అమ్మా, ‘వరకు’ వినపడకూడదు!” కంపెనీ మేనేజరు తల పట్టుకున్నాడు. “పోయినసారి ఎంత బాగా మింగేశారు! మా కంపెనీకి ఫోన్ చేస్తే ఇప్పటికీ పలికేది మీ గొంతే కదా.”

“నిన్న ఆ గొంతునే తిట్టాను సార్. మీ నెట్ మా ఇంటికొచ్చాక, ఆ మాట మింగుడుపడటంలేదు.”